గరికపోచ ముందు ఆగిన చూపు

ఫోన్ తెరిస్తే ఫొటోలకు కొదవ లేదు. లేచింది మొదలు పడుకునే దాకా వందల బొమ్మలు కళ్ల ముందు నుంచి దొర్లిపోతాయి. వాటి మధ్య ఎక్కడో ఒక సాలెగూడు, దాని పోగుల మీద వరుసగా మంచుబొట్లు. "అబ్బ, ఎంత బాగుందో!" అనుకుంటాం. ఆ మాట పూర్తయ్యేలోపే వేలు దాన్ని పైకి నెట్టేస్తుంది. బాగుందని తెలిసింది గానీ ఏం బాగుందో తెలియలేదు.

ఆ తెలియనిదాన్ని తెలుసుకోవడం కోసమే ఈ అధ్యాయం. ప్రకృతిని అతి దగ్గరగా చూపించే క్లోజప్ ఫొటోను నిదానంగా ఆస్వాదించడం ఒక విద్య. నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది. ఖరీదైన కెమెరా అక్కర్లేదు, కళల చదువూ అక్కర్లేదు. ఆగడం తెలియాలి, ఆగాక ప్రశ్న వేసుకోవడం తెలియాలి. ఈ రెండూ అలవాటైనవారికి ఒకే విషయం మీద చూపు నిలిపే శక్తి వస్తుంది. పుస్తకం చదివేటప్పుడు, ఆఫీసులో పని చేసేటప్పుడు, ఎదుటి మనిషి చెప్పేది వినేటప్పుడు మనకు కావలసింది ఆ శక్తే. దాన్ని సాధన చేయడానికి మన ప్రాంతంలో శరదృతువును మించిన కాలం లేదు.

శరత్తులోనే ఎందుకు?

ఆశ్వయుజ, కార్తీక మాసాలు మనకు శరదృతువు. సుమారుగా సెప్టెంబరు చివరి నుంచి నవంబరు చివరి దాకా. నైరుతి రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు మధ్యకల్లా తెలుగునేలను విడిచిపోతాయి. అప్పటికి నాలుగు నెలల వానలకు గాలిలోని దుమ్ము అణిగిపోయి ఉంటుంది. నేలలో తడి ఉంటుంది, రాత్రి ఆకాశం తేటగా ఉంటుంది. మబ్బులేని రాత్రి ఆకులు, గడ్డి తమ వేడిని త్వరగా వదిలేసి చల్లబడతాయి. ఆ చల్లదనానికి గాలిలోని తేమ బొట్లుగా కూడుతుంది. తెల్లవారుజామున మనం చూసే మంచు అదే. కోస్తాలో మాత్రం ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు మధ్యమధ్య పలకరిస్తుంటాయి కాబట్టి అక్కడివాళ్లు వాన వెలిసిన మర్నాటి పొద్దును వదులుకోకూడదు.

వానల్లో పుట్టిన చిన్న ప్రాణులు ఈ సమయానికి ఎదిగి ఉంటాయి. పెద్ద గూళ్లు అల్లే సాలెపురుగులు పొదల మధ్య కనిపిస్తాయి. తెలంగాణ గట్ల మీద తంగేడు, గునుగు విరగబూసి బతుకమ్మలోకి చేరతాయి. గోదావరి, కృష్ణా లంకల్లో రెల్లు తెల్లగా పూస్తుంది. సాయంత్రం విచ్చుకున్న పారిజాతాలు తెల్లవారేసరికి నేల మీద ఉంటాయి. కార్తీకం నడిచేకొద్దీ అరకు, పాడేరు కొండ చేలల్లో వలిసె పూలు పచ్చగా పరుచుకుంటాయి.

చలిదేశాల ఫొటోల్లో శరత్తు అంటే ఎర్రబడి రాలే ఆకులు. మన అడవుల్లో ఆకు ఎక్కువగా రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. మన శరత్తు మంచులో, గడ్డిలో, పూలలో, పురుగుల్లో ఉంటుంది. అవన్నీ చిన్నవి. కొండ మొత్తాన్నీ పట్టే ఫొటోలో అవి కనిపించవు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూసినట్టు, మన శరత్తు సంగతి తెలియాలంటే ఒక్క గరికపోచ దగ్గర వంగి చూడాలి. క్లోజప్ ఫొటో చేసే పని అదే.

ఫొటో వెనక శ్రమ

ఏ కళనైనా ఆస్వాదించాలంటే అందులోని కష్టం కొంతైనా తెలియాలి. రాగం తెలియకపోయినా పాట బాగుంటుంది, తెలిస్తే ఇంకా బాగుంటుంది. క్లోజప్ సంగతీ అంతే.

అతి దగ్గరగా తీసే ఇలాంటి ఫొటోలను మాక్రో ఫొటోగ్రఫీ అంటారు. అందులో 'ఒకటికి ఒకటి' అనే కొలత ఉంది. వస్తువు అసలు పరిమాణం ఎంతో కెమెరా సెన్సర్ మీద పడే ప్రతిబింబమూ అంతే ఉండాలి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. అంటే ఆ కొలతతో తీస్తే చిన్న సీతాకోకచిలుక ఒక్కటే చట్రమంతా నిండిపోతుంది.

అంత దగ్గరకు వెళ్లినప్పుడు ఒక చిక్కు వస్తుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ స్పష్టంగా పడే మందం తగ్గిపోతుంది. ఒకటికి ఒకటి కొలతలో, లెన్స్ రంధ్రం ఎఫ్ 8 దగ్గర ఉంచితే, ఆ మందం సుమారు ఒక్క మిల్లీమీటరు. తూనీగ కంటి మీద ఫోకస్ పెడితే రెక్క మసకబారుతుంది. ఊపిరి పీల్చినప్పుడు ఫొటోగ్రాఫర్ చెయ్యి కదిలే కాస్త కదలికకే ఫోకస్ తప్పిపోతుంది. గాలికి పూరేకు వణికినా అంతే. అందుకే ఈ పని చేసేవాళ్లు గాలి వీచని తొలిపొద్దును ఎంచుకుంటారు. పురుగులు కూడా ఆ చల్లదనానికి మందకొడిగా ఉంటాయి. కొందరు ఫోకస్‌ను కొంచెం కొంచెంగా జరుపుతూ వరుసగా చాలా ఫొటోలు తీసి, ఒక్కోదానిలో స్పష్టంగా పడిన భాగాన్ని కంప్యూటర్‌లో కలుపుతారు. దాన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు.

ఇది తెలిశాక ఒక చీమ ముఖం, దాని మీసాలు, దాని కాలి కింద ఆకు ఈనె అన్నీ ఒకే బొమ్మలో స్పష్టంగా కనిపిస్తే మీకు కలిగే ఆశ్చర్యం వేరుగా ఉంటుంది. ఆ బొమ్మ కోసం ఎవరో మోకాళ్ల మీద కూర్చుని ఎంతసేపు ఓపిక పట్టారో మీకు అర్థమవుతుంది.

ఒక్క బొమ్మకు పది నిమిషాలు

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కళాచరిత్ర బోధించే జెన్నిఫర్ రాబర్ట్స్ తన విద్యార్థులకు ఒక కఠినమైన పని పెడతారు. ఒకే కళాఖండం ముందు మూడు గంటలు కూర్చోవాలి. 2013లో రాసిన వ్యాసంలో ఆమె తన అనుభవమే చెప్పారు. జాన్ సింగిల్టన్ కాప్లీ 1765లో గీసిన చిత్రంలో ఒక కుర్రాడు, అతని పెంపుడు ఉడుత ఉంటారు. కుర్రాడి చెవి ఆకారం, ఉడుత పొట్ట అంచున బొచ్చు ఆకారం ఒకేలా ఉన్నాయని గమనించడానికి ఆమెకు తొమ్మిది నిమిషాలు పట్టిందట. చిత్రాలు చూడటమే వృత్తిగా ఉన్న మనిషికే అంత సమయం పట్టింది. కంటపడిన ప్రతిదీ మనసుకు అందదని, అందాలంటే కాలం ఇవ్వాలని ఆమె అనుభవం మనకు చెబుతోంది.

మనం మూడు గంటలు కూర్చోనక్కర్లేదు. పది నిమిషాలతో మొదలుపెడదాం. మీకు నచ్చిన ఒక క్లోజప్ ఫొటోను వీలైనంత పెద్ద తెర మీద తెరవండి, లేదా ప్రింట్ తీయించుకోండి. ఫోన్‌లోని మిగతా శబ్దాలు ఆపేయండి. తర్వాత ఈ ఆరు ప్రశ్నలు ఒక్కొక్కటిగా వేసుకోండి.

1. నా కన్ను మొదట ఎక్కడ పడింది, తర్వాత ఎటు నడిచింది? మంచి ఫొటోలో కంటికి ఒక దారి ఉంటుంది. ఆకు ఈనె కావచ్చు, కాడ వంపు కావచ్చు. ఆ దారిని వేలితో గీసి చూడండి.

2. వెలుగు ఎటు నుంచి వస్తోంది? వెనక నుంచి వస్తే ఆకు లోపలి ఈనెలు, పూరేకు పల్చదనం, రెల్లు నూగు మెరుస్తాయి. పక్క నుంచి వస్తే గరుకుదనం, ముడతలు తేలతాయి. పల్చని మబ్బు కింద నీడలు మెత్తబడి అసలు రంగులు బయటపడతాయి.

3. ఏది స్పష్టంగా ఉంది, ఏది మసకగా ఉంది? ఫొటోగ్రాఫర్ దేన్ని ముఖ్యమనుకున్నాడో ఈ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది. పురుగు ఫొటోలో సాధారణంగా కన్ను స్పష్టంగా ఉండాలంటారు. కన్ను వదిలేసి రెక్క మీద ఫోకస్ పెట్టి ఉంటే ఎందుకు పెట్టారో ఆలోచించండి.

4. చట్రంలోకి దేన్ని రానివ్వలేదు? పక్కనే ప్లాస్టిక్ కవరు, ఎండిన పుల్ల, కరెంటు తీగ ఉండి ఉండవచ్చు. క్లోజప్‌లో సగం నైపుణ్యం వదిలేయడంలోనే ఉంది.

5. అక్కడ ఏం జరుగుతోంది? ప్రాణి తింటోందా, ఎదురుచూస్తోందా, గుడ్లు పెడుతోందా, ఎండకు రెక్కలు ఆరబెట్టుకుంటోందా? దాని పేరు తెలిస్తే సంతోషం. పేరు తెలియకపోయినా పని తెలుసుకోవడానికి ప్రయత్నించండి.

6. ఇది సహజంగా దొరికిందా, పేర్చిందా? కొందరు పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి కదలకుండా చేసి తీస్తారు. మంచుబొట్లకు బదులు గ్లిజరిన్ చల్లుతారు. ఏ ప్రాణీ తనంతట తాను పెట్టని భంగిమలు చూసినప్పుడు అనుమానించండి. అందం కోసం ప్రాణిని హింసించిన బొమ్మకు మన మెప్పు దక్కకూడదు.

జవాబులన్నీ దొరకాలన్న నియమం లేదు. ఆరో ప్రశ్నకు వచ్చేసరికి మొదట కనిపించనివి రెండు మూడైనా కనిపిస్తే మీ సాధన ఫలించినట్టే.

మూడు బొమ్మల మీద సాధన

శరత్కాలంలో తరచుగా కనిపించే మూడు దృశ్యాలు తీసుకుని పై ప్రశ్నల్ని ప్రయోగిద్దాం.

మొదటిది గడ్డి మీద నీటిబొట్టు. చాలామంది గడ్డి మీది ప్రతి బొట్టునూ మంచే అనుకుంటారు. మంచు ఆకంతటా సన్నని బొట్లుగా పరుచుకుంటుంది. సరిగ్గా కొసన ఒకే ఒక్క పెద్ద బొట్టు నిలిచి ఉంటే, చాలాసార్లు అది మొక్క తానే బయటికి పంపిన నీరు. నేల తడిగా ఉండి, రాత్రి గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు వేళ్లు పీల్చిన నీరు ఆవిరయ్యే వీలులేక ఆకు కొసల్లోంచి బొట్టుగా వస్తుంది. గడ్డిలోనూ చామ ఆకుల అంచుల్లోనూ ఇది బాగా కనిపిస్తుంది. తర్వాత బొట్టు లోపలికి చూడండి. వెనక ఉన్న పువ్వు అందులో తలకిందులుగా కనిపిస్తుంది, ఎందుకంటే గుండ్రని బొట్టు ఒక చిన్న లెన్స్. ఫోకస్ బొట్టు అంచు మీద ఉందా, లోపలి పువ్వు మీద ఉందా? రెండింటినీ ఒకేసారి స్పష్టంగా పట్టడం కష్టం.

తామరాకు మీద నీటిబొట్టు అని మనం తరతరాలుగా అంటున్నాం. ఆ బొట్టు ఎందుకు అంటుకోదో జర్మన్ వృక్షశాస్త్రవేత్తలు విల్‌హెల్మ్ బార్ట్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్ 1997లో వివరించారు. ఆకు మీద కంటికి కనిపించనంత చిన్న బుడిపెలు, వాటి మీద మైనం ఉంటాయి. నీటికి ఆకును పట్టుకునే చోటు దొరకదు. బొట్టు దొర్లుతూ దుమ్మును కూడా వెంట తీసుకుపోతుంది. ఈసారి తామరాకు ఫొటో చూసినప్పుడు బొట్టు అడుగున వెండిలా మెరిసే పొర కోసం వెతకండి. బొట్టుకూ ఆకుకూ మధ్య చిక్కుకున్న గాలి అది.

రెండోది సాలెగూడు. మన తోటల్లో, పొదల్లో తరచుగా కనిపించే ఒక సాలెపురుగు గూడు మధ్యలో తల కిందికి పెట్టి, కాళ్లను రెండేసి చొప్పున జతచేసి, గుణకారపు గుర్తులా కూర్చుంటుంది. దాని కాళ్ల వరుసలోనే మెలికల తెల్లపట్టీ అల్లి ఉంటుంది. దీన్ని ఇంగ్లిష్‌లో సిగ్నేచర్ స్పైడర్ అంటారు. ఆ పట్టీ ఎందుకు అల్లుతుందన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య ఇప్పటికీ చర్చ ఉంది. పురుగుల్ని ఆకర్షించడానికని కొందరు, పక్షులు గూడును చూసి తప్పుకోవడానికని కొందరు అంటారు. ఫొటోలో పోగుల్ని గమనించండి. కేంద్రం నుంచి అంచులకు సాగే పోగులకు జిగురు ఉండదు. చుట్లు తిరిగే పోగుకే సన్నని జిగురు బొట్లు ఉంటాయి. మంచి క్లోజప్‌లో అవి పూసల్లా వరుసగా కనబడతాయి. వెలుగు పక్క నుంచి గానీ వెనక నుంచి గానీ పడి, వెనక నీడ ఉంటేనే గూడు ఇంత బాగా తేలుతుంది. వెనక తెల్లటి ఆకాశం ఉంటే అదే గూడు మాయమైపోతుంది.

మూడోది తంగేడు. తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో వేలాదిగా పేర్చినప్పుడు పసుపు రాశిగా చూస్తాం. ఒక్క పువ్వును దగ్గరగా చూస్తే దాని కేసరాలన్నీ ఒకేలా ఉండవని తెలుస్తుంది. పైన మూడు గొడ్డు కేసరాలు, కింద కొన్ని పొడవుగా వంగి ఉంటాయి. పుప్పొడి తిత్తులు నిలువునా చీలవు, కొసన ఉన్న చిన్న రంధ్రంలోంచే పుప్పొడి రాలుతుంది. పెద్ద తుమ్మెదలు వచ్చి పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిరించినప్పుడు ఉప్పుడబ్బాలోంచి రాలినట్టు పుప్పొడి బయటపడుతుంది. తంగేడు మీద తుమ్మెద వాలిన ఫొటో కనిపిస్తే ఆ ఝుంకారం కేవలం ఎగిరే చప్పుడని అనుకోకండి. అక్కడ పని జరుగుతోంది.

ఇద్దరు గురువులు

చూపు పదునెక్కాలంటే గొప్పవాళ్ల బొమ్మల దగ్గర కొంతకాలం గడపాలి. ఇద్దరి పేర్లు చెబుతాను.

కార్ల్ బ్లాస్‌ఫెల్డ్ (1865–1932) బెర్లిన్‌లో కళల బడి ఉపాధ్యాయుడు. ఫొటోగ్రఫీలో శిక్షణ పొందినవాడు కాదు. అలంకార శిల్పం నేర్చుకునే విద్యార్థులకు మొక్కల ఆకృతులు చూపించడం కోసం సొంతంగా తయారుచేసుకున్న కెమెరాతో చిగుళ్లను, కాడలను, విత్తుల తొడుగులను ముప్పై రెట్ల దాకా పెద్దవి చేసి ఫొటోలు తీశాడు. దశాబ్దాల ఆ పని 1928లో 120 చిత్రాల పుస్తకంగా వచ్చేసరికి అతని వయసు అరవై దాటింది. అన్నీ నలుపు తెలుపు, అన్నింటికీ సాదా నేపథ్యం. చుట్ట తిరిగిన ఫెర్న్ చిగురు అందులో ఇనుప కమ్మరిపనిలా దృఢంగా నిలబడుతుంది. రంగు తీసేస్తే ఆకారం ఎంత బలంగా మాట్లాడుతుందో అతని బొమ్మలు నేర్పుతాయి.

ఇలియట్ పోర్టర్ (1901–1990) హార్వర్డ్‌లో వైద్యం చదివి, పరిశోధన వదిలి ఫొటోగ్రఫీలోకి వచ్చిన అమెరికన్. హెన్రీ డేవిడ్ థోరో రచనల్లోని భాగాలకు జతగా న్యూ ఇంగ్లండ్ రుతువుల రంగుల ఫొటోలతో 1962లో సియెర్రా క్లబ్ ఆయన పుస్తకాన్ని ప్రచురించింది. రంగుల ఫొటోను కళగా గౌరవించడానికి చాలామంది వెనకాడుతున్న రోజులవి. ఆయన చూపు ఎక్కువగా నేల మీదే ఉంటుంది. రాలిన ఆకులు, నాచు, నీటి అంచున గులకరాళ్లు, పొద లోపలి చిక్కు కొమ్మలు. ప్రకృతి పైకి గందరగోళంగా ఉన్నచోట ఒక క్రమాన్ని పట్టుకోవడం ఆయన ప్రతిభ.

బ్లాస్‌ఫెల్డ్ ఒక్క మొక్కను దాని పరిసరాల నుంచి వేరుచేసి చూపిస్తే, పోర్టర్ అన్నిటినీ ఉన్నచోటనే కలిపి చూపిస్తాడు. మీకు ఏ దారి నచ్చుతుందో గమనించుకోండి. మీ చూపు స్వభావం మీకు తెలుస్తుంది.

ఇప్పుడు మీ చేతిలో ఫోన్

ఇతరుల ఫొటోల్ని చూడటం వచ్చాక తీయడానికి ప్రయత్నిస్తే ఆస్వాదన రెట్టింపవుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక, దానితో పాటే ఒక శుభవార్త ఉన్నాయి. అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త లిండా హెంకెల్ ఒక మ్యూజియంలో చేసిన ప్రయోగాల ఫలితాలు 2014లో ప్రచురితమయ్యాయి. పాల్గొన్నవారికి ఊరికే చూసిన వస్తువుల కంటే, ఫొటో తీసిన వస్తువుల వివరాలు మర్నాడు తక్కువగా గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు వదిలేసినట్టయింది. కానీ ఒక వస్తువులోని ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు ఆ నష్టం కనిపించలేదు. ఫొటోలో పడని భాగం కూడా వారికి గుర్తుంది. శ్రద్ధగా దగ్గరకు చూసినప్పుడు కెమెరా జ్ఞాపకానికి అడ్డు రాదని దీన్నిబట్టి అనుకోవచ్చు. క్లోజప్ సాధన చేసేవారికి ఇంతకంటే ప్రోత్సాహం ఏం కావాలి!

పని మొదలుపెట్టేటప్పుడు ఇవి పాటించండి:

- ముందుగా ఫోన్ లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవండి. వేలిముద్రల జిడ్డే చాలా ఫొటోల మసకకు కారణం.
- మీ ఫోన్‌లో మాక్రో మోడ్ ఉంటే వాడండి. లేకపోతే ఫోకస్ కుదిరే దూరం దాకా వెనక్కి జరిగి తీసి, తర్వాత అంచులు కత్తిరించుకోండి. క్లిప్‌లా తగిలించుకునే మాక్రో లెన్స్ కూడా పనికొస్తుంది.
- తెర మీద వేలితో నొక్కి ఫోకస్ పెట్టండి. తెల్లపూలు, మంచుబొట్లు తీసేటప్పుడు వెలుగును కాస్త తగ్గించండి. లేకపోతే తెలుపు వెలిసిపోయి వివరాలు పోతాయి.
- పువ్వు ఎత్తుకు మీరు దిగండి. నిలబడి పైనుంచి తీసిన ఫొటోలో నేల కనిపిస్తుంది, దాని ఎత్తుకు దిగి తీస్తే దాని ప్రపంచం కనిపిస్తుంది.
- ఆకు, రెక్క లాంటి పల్చటివి మొత్తం స్పష్టంగా రావాలంటే ఫోన్‌ను వాటికి సమాంతరంగా పట్టండి.
- ఎండ తీవ్రంగా ఉంటే తెల్లగుడ్డనో తెల్ల గొడుగునో అడ్డం పెట్టండి. వెలుగు మెత్తబడుతుంది.
- నేపథ్యం ఎంత దూరంగా ఉంటే అంత మెత్తగా కలిసిపోతుంది. ఒక్క అడుగు పక్కకు జరిగితే చాలాసార్లు నేపథ్యం బాగుపడుతుంది.

దేన్ని తీయాలని దిగులు పడకండి. బాట పక్కన గడ్డి చామంతితో మొదలుపెట్టండి. దాని అంచున మూడు పళ్లున్న లేత రేకులు, మధ్యలో గొట్టాల్లాంటి చిన్న పసుపు పూలు ఉంటాయి. ఒక్క పువ్వని మనం అనుకునేది నిజానికి ఎన్నో చిన్న పూల గుత్తి. పండగకు తెచ్చిన బంతిపువ్వు కూడా అంతే. జిల్లేడు పొద దగ్గర కాసేపు నిలబడితే నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు కనిపించవచ్చు. ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్ల అది. దాని ప్యూపా మీద బంగారు చుక్కలుంటాయి. హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో, విశాఖ కంబాలకొండలోనో ఒక ఉదయం నిదానంగా నడిస్తే ఇలాంటివి ఇంకెన్నో చూడవచ్చు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో తులసికోట ఉన్నా పాఠానికి సరిపోతుంది.

మర్యాద, జాగ్రత్త

మనం వెళ్లేది వాటి ఇంటికి. ఫొటో కోసం గూడు తెంపకూడదు, రెక్క పట్టుకోకూడదు, గొంగళిపురుగును దాని మొక్క మీద నుంచి కదపకూడదు. తూనీగ తోకకు దారం కట్టి ఆడుకున్న బాల్యం మనలో చాలామందికి ఉంది. అక్టోబరు, నవంబరుల్లో ఆకాశంలో గుంపులుగా తిరిగే తూనీగల్లో ఒక జాతి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా వైపు వెళ్తుందని జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రతిపాదించారు. అంత దూరం వెళ్లగల ప్రాణిని కాసేపు మన గడ్డిపోచ మీద కూర్చోనిద్దాం. పిల్లలకు దారం బదులు కెమెరా ఇద్దాం.

మీ జాగ్రత్త కూడా ముఖ్యం. వానల తర్వాత ఎదిగిన గడ్డిలో రక్తపింజరి, నాగుపాము ఉండవచ్చు. బూట్లు వేసుకోండి. మోకాలు మోపే ముందు కర్రతో గడ్డిని తట్టి చూడండి. పొలంగట్టు మీదికి వెళ్తే రైతుకు ఒక మాట చెప్పండి. రక్షిత అడవిలోకి అటవీశాఖ అనుమతితోనే వెళ్లండి.

దూరదేశంలో ఉన్న మనవాళ్లకు

అమెరికాలో ఉత్తరాది రాష్ట్రాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు అక్టోబరులో ఆకుల రంగులు చూడటానికి కార్లలో బయల్దేరతాయి. కొండ ముందు నిలబడి గ్రూప్ ఫొటో దిగడంతో ఆగకండి. ఒక్క మేపుల్ ఆకును ఎండకు ఎదురుగా పట్టుకోండి. పగళ్లు కురచవుతున్నకొద్దీ ఆకులో పత్రహరితం విరిగిపోతుంది. అప్పటిదాకా దాని చాటున ఉన్న పసుపు, నారింజ వర్ణకాలు బయటపడతాయి. ఎరుపు అలా దాగి ఉన్నది కాదు. ఆంథోసయనిన్ అనే ఆ వర్ణకాన్ని చాలా చెట్లు అప్పటికప్పుడు తయారుచేస్తాయి. ఎండ బాగా ఉన్న పగళ్లు, గడ్డకట్టనంత చల్లని రాత్రులు వరుసగా వస్తే ఎరుపు గాఢమవుతుంది. ఈనెల వెంట ఇంకా మిగిలిన ఆకుపచ్చ, పురుగు తొలిచిన వంకరదారి, అంచున తొలి మంచు పలుకులు అన్నీ ఆ ఒక్క ఆకులో చదువుకోవచ్చు. ఆస్ట్రేలియాలో ఉన్నవారికి ఈ పాఠం మార్చి నుంచి మే మధ్య పనికొస్తుంది.

ఏడు రోజుల అభ్యాసం

మొదటి రోజు: ఒకే క్లోజప్ ఫొటోను పది నిమిషాలు చూడండి. ఆరు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాయండి.

రెండో రోజు: తెల్లవారాక గడ్డిని చూడండి. ఏది మంచు, ఏది మొక్క వదిలిన నీరు, తేడా పట్టండి. ఫొటో తీయకండి.

మూడో రోజు: ఒకే పువ్వును ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం తీయండి. వెలుగు మారితే పువ్వు ఎలా మారుతుందో పోల్చండి.

నాలుగో రోజు: మీకు నచ్చిన రంగుల ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చండి. ఆకారం నిలబడిందా లేదా చూడండి.

ఐదో రోజు: ఒక పురుగు ఏం చేస్తోందో కదలకుండా గమనించండి. చివర్లో ఒక్క ఫొటో మాత్రమే తీయండి.

ఆరో రోజు: వారంలో తీసినవాటిలో మూడు ఉంచి మిగతావి తొలగించండి. ఆ మూడింటిని ఎందుకు ఉంచారో ఒక్కో వాక్యం రాయండి.

ఏడో రోజు: ఆ మూడింటినీ ఇంట్లోవాళ్లకు చూపించండి. బాగున్నాయా అని అడగకుండా, "ఇందులో నీకేం కనిపిస్తోంది?" అని అడగండి. వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి.

పొద్దెక్కితే మంచు ఆరిపోతుంది, కార్తీకం వెళ్లిపోతే ఈ పూలలో చాలా కనిపించవు. అందుకని ఈ పాఠాన్ని చదివి పక్కన పెట్టకండి. వచ్చే ఆదివారం దాకా కూడా ఆగకండి. రేపు పొద్దున్నే ఇంటి దగ్గర ఏ గడ్డి ఉంటే దాని ముందు పది నిమిషాలు కూర్చోండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి. నిలిపి చూడటం వచ్చిన కంటికి ఏ ఊరూ చిన్నది కాదు.